నా ఫోన్లో నాకే పర్మిషన్ లేదంట!

పోయిన వారం నా ఫోను నాకు చేసిన అన్యాయం చెప్తా, వినండి. స్టాఫ్‌రూంలో మనమే ఉండాము గదా, టీ తాగతానే వినండి గానీ, నవ్వొస్తాదనుకునేటోళ్ళు గ్లాసు ముందే కింద పెట్టేయండి. చీరల మీద పడితే నన్ననొద్దు. ఆఖరికి తప్పు ఎవరి మీదికి వచ్చిందో మీకే తెలుస్తాది. అంతలోపల నా కోపం నన్ను చెప్పుకోనీయండి!

ఫోను ఎవరిది? నాది. పట్టుకున్న చెయ్యి ఎవరిది? నాది. తీసిన వీడియో? అదీ నాదే. దాన్ని నా ఫోన్లో దాచుకునేదానికి నాకే పర్మిషన్ లేదంట! యాడన్నా ఉండాదా ఈ న్యాయం? మన ఇంట్లోకి మనం పోతాంటే మన తలుపే అడ్డం నిలబడి "ఎవురమ్మా నువ్వు?" అన్నట్ల!

సరే, మొదట్నుంచి చెప్తా. కళ్యాణదుర్గం పక్కన మా ఊర్లో మా నాయనకు చీనీ తోట ఉండాది గదా. పదేండ్ల బత్తాయి చెట్లు. ఉన్న ఒక్క బోరు ఈసారి ఎండలు మొదలయ్యేటప్పుడే దగ్గి దగ్గి ఆగిపోయింది. అప్పట్నుంచి మా అన్న ట్యాంకర్లు తోలిచ్చి చెట్టుకింత అని నీళ్ళు పోస్తా వచ్చినాడు. దాహానికి అది చాలుతాదా? ఆకులు దోసిలి పట్టినట్ల ముడుచుకొని పోయినాయి. కొత్త బోరు వేపిచ్చినారు, దుమ్ము. ఇంగోటి వేపిచ్చినారు, అదీ దుమ్మే. మూడోది మీరు అడగొద్దు, నేను చెప్పను. "నాలుగోది ఆఖరు. దీంట్లో పడకపోతే చెట్లు కొట్టేసేదే" అని నాయన తేల్చి చెప్పేసినాడు.

మా చెల్లెలు సుజాత బెంగళూర్లో ఉండాది. ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ చెట్లు నాటేటప్పుడు నాయనతో సమానంగా గుంతలు తవ్వింది అదే. బోరు వేస్తాండారని తెలిసి నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అక్కా, నీళ్ళు పడేది నేను చూడల్ల. నాయన మొగం చూడల్ల. లైవ్ పెట్టక్కా."

"లైవా? మన తోటలో సిగ్నల్ కావల్లంటే గుట్టెక్కల్ల. వీడియో తీసి పంపిస్తాలే. హెచ్‌డీలో!" అని మాటిచ్చేసినా.

ఆ హెచ్‌డీ అనే మాట దగ్గరే నాకు శని పట్టింది. మన స్కూలు పీఈటీ మేడం ఈరోజు లీవులో ఉండాది కాబట్టి చెప్తాండా, ఆమే కారణం. "ఫోన్తో వచ్చిన కెమెరా ఏం బాగుంటాది మేడం, ఈ యాప్ ఏస్కోండి, సినిమా మాదిరి వస్తాది" అనింది. ఏసుకున్నా. తెరిచినానో లేదో, ప్రశ్నలు మొదలుపెట్టింది. కెమెరా వాడుకోవచ్చునా? సరే, కెమెరా యాప్ కెమెరా అడగక ఇంగేం అడుగుతాది. అలౌ. మైకు వాడుకోవచ్చునా? అలౌ. మీ ఫోటోలు, ఫైళ్ళు ముట్టుకోవచ్చునా? ఆగు! నా ఫైళ్ళు నీకెందుకు? దాంట్లో నా ఆధార్ ఉండాది, పట్టాదారు పాసుబుక్కు ఉండాది, పెండ్లిళ్ళలో నేను కండ్లు మూసుకున్న ఫోటోలు ఉండాయి. డోంట్ అలౌ! సిగ్గు లేకుండా ఇంగోసారి అడిగింది. డోంట్ అలౌ! ఆ తర్వాత నోరెత్తలేదు. గట్టిగా చెప్తే ఎవరైనా వింటారు అనుకొని మురిసిపోయినా కూడా.

బోరు లారీ పొద్దున ఆరుకంతా వచ్చింది. తమిళోళ్ళు. కంప్రెసర్ ఆన్ చేసినారంటే ఇంగ మాటలు లేవు, అంతా సైగలే. తెల్లటి రాతి దుమ్ము పిండి మాదిరి లేచి చెట్ల మీద, మా తలల మీద, మా వదిన తెచ్చిన ఉగ్గాని మీద గూడా పడింది. తింటాంటే నోట్లో పండ్లు కరకరమనినాయి.

మా అన్న జోబీలోంచి ఫోను తీసినాడు. నాకు మండింది. "నువ్వెందుకన్నా? నీ ఫోన్లో తీస్తే మనుషులెవరో దయ్యాలెవరో తెలీదు. లోపల పెట్టుకో."

"ఎందుకైనా మంచిది పాపా, నేనూ ఒగటి తీస్తాలే."

"ఇద్దరు తీస్తే ఒకరికొకరు అడ్డం! నేను చూసుకుంటా అంటాండా గదా!"

పాపం, జోబీలో పెట్టుకున్నాడు. మా వదిన ఫోను గూడా నేనే తీసి టిఫిను సంచిలో పడేసినా. అంటే చూడండి, ఆ తోటలో ఉన్న ఫోన్లన్నీ నేనే మూయించినా. ఈ మాట గుర్తుంచుకోండి, నేనైతే మర్చిపోవల్లని చూస్తాండా.

రెండొందల అడుగులు, దుమ్ము. మూడొందలు, దుమ్ము. అయిదొందలు దాటింది, అదే దుమ్ము. నాయన లారీకి దూరంగా గెనెం గట్టు మీద కూచొని పుల్లతో నేల గీకుతాండాడు. తలెత్తి చూసేదే లేదు. లారీ ఆయన వచ్చి, ఇంగా దించేదా అని చేత్తో అడిగినాడు. నాయన తలెత్తకుండానే ఇంగా లోపలికి పోనీ అన్నట్ల చెయ్యి ఊపినాడు.

ఆరొందలు దాటినంక దుమ్ము రంగు మారింది. తెల్లది నల్లబడింది. తర్వాత ముద్దముద్దగా పడింది. తడి రాయి వాసన వచ్చింది చూడండి, నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. వెంటనే ఫోనెత్తి వీడియో మొదలుపెట్టినా. ఒగ నిమిషం కూడా కాలేదు, ధడాల్మని లేచినాయప్పా నీళ్ళు! లారీ ఎత్తుకు లేచి మా మీదే పడినాయి. మా వదిన అరుస్తాండాది, అన్న లారీ ఆయన్ని కావిలించుకున్నాడు. నేను మాత్రం నాయన మీద నుంచి కెమెరా తిప్పలేదు.

నాయన లేచినాడు. చెప్పులు ఆడనే వదిలేసి, గుడిలోకి పోయినట్ల మెల్లగా ఆ బురదలోకి పోయినాడు. దోసిలి పట్టి ఆ బూడిద నీళ్ళు గటగటా తాగినాడు. తాగి, తల పైకెత్తి, "ఓబులమ్మా! నీళ్ళు పడినాయే!" అని కేక పెట్టినాడు.

ఓబులమ్మ మా అమ్మ. పోయి రెండేండ్లాయ. బతికున్నన్ని దినాలు మా నాయన ఆమెను ఒగసారి గూడా పేరు పెట్టి పిలిచిందాన్ని మేము వినలేదు. "ఏయ్", "ఇదో", అంతే. అట్లాంటి మనిషి ఊరందరికీ వినబడేట్ల పేరు పెట్టి పిలిచినాడు. నాకు కండ్లనిండా నీళ్ళు. అయినా చెయ్యి దించలేదు. నాలుగు నిమిషాలు తీసినా. మొత్తం తీసినా!

ఎర్ర చుక్క నొక్కి ఆపినా. అప్పుడు వచ్చింది తెర మీద: "ఊప్స్! కెనాట్ సేవ్ టు గ్యాలరీ. స్టోరేజ్ పర్మిషన్ డినైడ్."

ఊప్స్ అంట! మా నాయన పదేండ్ల కష్టం, మా అమ్మ పేరు, ఆరొందల అడుగుల లోతు నుంచి వచ్చిన గంగ, అన్నీ కలిపి దానికి ఊప్స్! చెయ్యి జారి గరిటె కింద పడినట్ల!

గ్యాలరీ తెరిచి చూసినా. ఆఖరి ఫోటో ఎనిమిదో తరగతి హిందీ మార్కుల లిస్టు. దాని తర్వాత ఏమీ లేదు.

"ఏమైంది?" అనింది వదిన.

"ఏం కాలేదు!"

చీనీ చెట్టు కింద కూచున్నా. ఇంట్లో అందరి ఫోన్లూ బాగుచేసేది నేనే గదా, నా ఫోను బాగుచేసుకోలేనా? సెట్టింగ్సు, దాంట్లో యాప్సు, దాంట్లో కెమెరా, దాంట్లో పర్మిషన్లు. చూస్తే అన్నీ ఇచ్చే ఉండాయి! "చూడన్నా, ఎంత అబద్దమో! ఇచ్చినా కూడా ఇయ్యలేదంటాది!" అని అన్నకు చూపిచ్చినా. అన్నీ ఆఫ్ చేసి ఆన్ చేసినా. మళ్ళా ఆ యాప్ తెరిచి నేలను ఒగ ఫోటో తీసినా. ఊప్స్. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినా. ఊప్స్. మెమరీ కార్డు మీద అనుమానమొచ్చింది. వదిన చెవి కమ్మ తీపిచ్చి, దాని మొనతో కార్డు బయటికి లాగి, చీర కొంగుతో తుడిచి, ఊది, మళ్ళా పెట్టినా. ఊప్స్!

"పోనీలే పాపా, ఇంటికి పోయి చూస్తాములే" అన్నాడు అన్న.

"పోనీలే ఏంది? నువ్వు ఊరికే ఉండన్నా!" అని ఆయన మీదే విరుచుకపడినా. కోపం యాప్ మీద, తిట్లు అన్నకు.

మిట్టమధ్యాన్నం ఎండలో గుట్టెక్కినా. సిగ్నల్ వచ్చింది. ఈ సమస్య మీద ఒగాయన వీడియో పెట్టింటే తెరిచినా. "హాయ్ ఫ్రెండ్స్, ముందుగా మన ఛానల్‌ని..." అని మొదలుపెట్టినాడు. ఒరేయ్, నేను ఈడ బండ మీద కాళ్ళు కాలతాంటే నీ ఛానల్ ఏందిరా! అసలు మాటకొచ్చేదానికి మూడు నిమిషాలు పట్టింది ఆ పెద్దమనిషికి. "లిస్టులో మీ యాప్ పేరు జాగ్రత్తగా చూసుకోండి ఫ్రెండ్స్" అన్నాడు. చూసినా. లిస్టులో కెమెరాలు రెండుండాయి! ఒగటి నల్లది, ఫోన్తో వచ్చింది. ఇంగోటి ఇంద్రధనుస్సు రంగులది, మన పీఈటీ మేడం ఇచ్చింది. ఇంతసేపూ నేను నల్లదానికి పర్మిషన్లు ఇస్తా కూచున్నా! పక్కింటామెకు అన్నం పెట్టి, మా ఇంటోళ్ళు తినలేదని ఏడ్చినట్ల.

ఆ రంగులదాన్ని తెరిచి పర్మిషన్ ఇచ్చేసింటే అయిపోయేది. కానీ ఆయన ఏమన్నాడు? "ముందు క్లియర్ డేటా కొట్టండి ఫ్రెండ్స్, ఆ తర్వాత పర్మిషన్ ఇవ్వండి, హండ్రెడ్ పర్సెంట్ వర్క్ అవుతుంది." కొట్టినా. ఈ యాప్ డేటా అంతా శాశ్వతంగా పోతాది, సరేనా అని ఫోను అడిగింది. నవ్వొద్దు అంటాండా! డేటా అంటే నెట్టు డేటా అనుకున్నా. దినానికి ఒకటిన్నర జీబీ ఇస్తారే, అది. ఆ రోజుది ఎట్లా సగం అయిపోయింది, పోతే పోనీ, రేపటికి మళ్ళా వస్తాది గదా అనుకొని ఓకే కొట్టేసినా.

యాప్ తెరిస్తే మళ్ళా ఆ మూడు ప్రశ్నలు. అలౌ, అలౌ, అలౌ! మేకొకటి మేస్తాంటే ఫోటో తీసినా. సేవ్ అయింది! గుట్ట మీద నుంచే "వచ్చిందీ!" అని కేకేసినా. కింద మా వాళ్ళు చేతులూపినారు. నేనే బోరు వేసినంత గర్వంగా దిగినా.

కింద గ్యాలరీ తెరిస్తే, హిందీ మార్కులు, దాని పక్కన మేక. వీడియో లేదు.

మరుసటి దినం పొద్దున్నే నేనూ అన్నా కళ్యాణదుర్గంలో సెల్ రిపేరు షాపుకు పోయినాము. షాపాయన మెత్తని మనిషి. "ఏమేం నొక్కినారో వరసగా చెప్పండి మేడం" అన్నాడు. చెప్పినా, క్లాసులో పాఠం చెప్పినట్ల. కమ్మ మొనతో కార్డు తీసిన దగ్గర తల ఊపినాడు. క్లియర్ డేటా దగ్గరికి వచ్చేసరికి చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేసినాడు.

"మేడం, మీ వీడియో మొదట పోలేదు. గ్యాలరీలోకి పోయేదానికి పర్మిషన్ లేక, యాప్ దాన్ని తన లోపల్నే దాచిపెట్టింది. ఇదో, కింద మూలకు చిన్న గుండ్రటి బొమ్మ ఉంది చూడండి. దీన్ని నొక్కింటే కనబడేది."

"మరింగేం! నొక్కు!"

"ఇప్పుడు లేదు మేడం."

"లోపల దాచిపెట్టింది అంటివి. ఎవరు తీసేసినారు?"

ఆయన నన్ను చూసినాడు. మా అన్న నన్ను చూసినాడు. ఛార్జరు కొనేదానికి వచ్చిన ఆయనెవరో, ఆయన గూడా నన్నే చూసినాడు.

"తిరిగి తెప్పించేదానికి లేదా?"

"రాదు మేడం."

నాకు ఎంత ఒళ్ళు మండిందంటే! "నీ వీడియో లోపల భద్రంగా ఉండాదమ్మా, తొందరపడొద్దు" అని ఆ యాప్ ఒగ్గ ముక్క చెప్పింటే దాని నోటి ముత్యాలు రాలిపోతాయా? ఊప్స్ అని చెప్పేదానికి మాత్రం నోరుండాది! డేటా అనే మాటకు రెండర్థాలు ఎవరు పెట్టమన్నారు? ఇంగా యాప్‌ను తిట్టల్లనే ఉన్నా, అన్న నా చెయ్యి పట్టుకొని షాపు బయటికి తీసుకొచ్చినాడు. దారిలో "నేనూ ఒగటి తీస్తా అంటి గదా" అని ఒగసారి దెప్పింటే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

నాయనకు చెప్పినప్పుడు మాత్రం నాకు ఏడుపాగలేదు. నీ కేక పోయింది నాయనా, అమ్మ పేరు పోయింది, నేనే తుడిచేసినా అని చెప్పినా. నాయన తలపాగ సర్దుకొని, "నీళ్ళు నేలలో ఉండాయి గదా పాపా, ఫోన్లో లేకుంటే ఏమాయ?" అన్నాడు.

నాయనకైతే ఏమీ కాలేదు, సుజాతకు ఏం చెప్పల్ల? మంచంలో ఉన్న పిల్ల. "నెట్ స్లోగా ఉండాదే" అని ఒగ దినం చెప్పినా. "అప్‌లోడ్ అవుతాండాది" అని రెండో దినం. మూడో దినం "తొంభై పర్సెంట్ అయింది" అన్నా. అప్పుడొచ్చింది నాకు ఆలోచన. ఆదివారం మోటరు దించుతాండారు. మొదటిసారి పైపులో నీళ్ళొస్తాయి. అప్పుడు మళ్ళా తీస్తే?

ఆదివారం పొద్దున్నే అందరినీ నిలబెట్టినా. ఆ రోజు నాయన కట్టిన పంచె వదిన ఉతికేసింది. "మళ్ళా దాన్నే కట్టియ్, బురద పూయల్ల" అంటే మా వదిన నన్ను మింగేట్ల చూసింది. "ఉతికేదానికి బత్తలపల్లిలో నీ స్కూలు వదిలిపెట్టి నువ్వొస్తావా?" అనింది. వస్తానని ఒట్టేసి, బురద నేనే పూసినా. నాయన ఎండలో పాపం అట్లనే నిలబడినాడు.

"నాయనా, నీళ్ళొచ్చినంక అమ్మను పిలువు. అట్లనే, ఆ రోజు మాదిరి."

"పిలవను."

"ఒగసారే నాయనా!"

"అట్లాటిది అడిగి పిలిపిచ్చుకునేది కాదు పాపా. ఆ పొద్దు నోటికొచ్చింది, పిలిచినా. ఆమె ఇనింటాది. చాల్లే."

సరేనని మోటరేసినాము. నీళ్ళొచ్చినాయి. తీసినా. సేవ్ అయిందా అని నాలుగుసార్లు చూసినా. అయింది! సాయంత్రం బస్సులో వస్తా సౌండు తగ్గించుకొని ఇంగోసారి చూసినా. నాయన దోసిలి పట్టేది, తాగేది, అంతా బ్రహ్మాండంగా వచ్చింది. "ఇదో, బోరు పడిన రోజుది, ఇప్పుడు అప్‌లోడ్ అయింది" అని రాసి సుజాతకు పంపించేసినా.

పది నిమిషాలకు ఫోనొచ్చింది. "అక్కా, బోరు లారీ యాడ?"

"లారీనా... పక్కకు జరిపినారే."

"నీళ్ళు రాకముందే నాయన పంచెకు బురద ఉండాదేమక్కా?"

"బోరు దగ్గర బురద ఉండదా?"

"సరే, అది పోనీ. వీడియోకు సౌండు గూడా ఉంటాదని నీకు తెలుసా అక్కా?"

బస్సులో అందరి మధ్యన సౌండు పెంచి చూసినా. నీళ్ళ చప్పుడు తక్కువ, నా గొంతు ఎక్కువ! "స్టార్ట్! నాయనా, ఇప్పుడే చూసినట్ల చూడు! వదినా, జరుగు, నీ నీడ పడతాండాది! ఇప్పుడు తాగు! ఇంగా సంతోషంగా తాగు! నాయనా, ఇంగోసారి ఆశ్చర్యపో!" దానికి మా నాయన, "ఎన్నిసార్లు పోవల్ల పాపా?"

అవతల సుజాత నవ్వతా, పొట్ట పట్టుకొని, "అయ్యో అక్కా, చాలు, డాక్టరమ్మ తిడతాది" అంటాండాది. ఇంగ దాచేదేముంది? ఉన్నదంతా చెప్పేసినా. అమ్మ పేరు పెట్టి పిలిచిన సంగతి చెప్తే దాని నవ్వు ఆగిపోయింది. "నాయనా? పేరు పెట్టా? ఎట్ల పిలిచినాడో ఒగసారి పిలిచి చూపియ్యక్కా" అనింది. బస్సులో అందరూ చూస్తాండారు. అయినా పిలిచినా. మూడుసార్లు పిలిపిచ్చుకొని వినింది.

దానికి వినిపించినందుకు నాకేం బాధ లేదు. నా బాధంతా మా అన్నతోనే. ఆ వీడియోలో నా మాట ఒగటి కత్తిరించి ఆయన ఫోనుకు రింగ్‌టోన్ పెట్టుకున్నాడు. నిన్న పాత బోరు కనెక్షన్ దీనికి మార్పిచ్చే పని మీద కరెంటాఫీసుకు పోయింటే, అందరి మధ్యలో మోగిందంట, నా గొంతుతో, "నాయనా, ఇంగోసారి ఆశ్చర్యపో!"

మా నాయనకు అన్నిసార్లు చెప్పల్సి వచ్చింది గానీ, ఆ ఆఫీసులో మాత్రం అందరూ ఒగ్గసారికే ఆశ్చర్యపోయినారంట.